కేషెల్ బిషప్పులకు బహిరంగ లేఖ: మీరు ముద్ర వేసిన ఆ ఉత్తరాల గురించి

అయ్యలారా,

1171 చివర మొదలై 1172లోకి సాగిన ఆ చలికాలంలో కేషెల్‌లో సభ తీరిన మీ అందరికీ ఈ ఉత్తరం. సభకు అధ్యక్షత వహించిన లిస్మోర్ బిషప్పు, పోపు ప్రతినిధి క్రిస్టియన్ గారికి, కేషెల్ ఆర్చిబిషప్పు గారికి, డబ్లిన్ ఆర్చిబిషప్పు లారెన్స్ ఓటూల్ గారికి, ట్యూమ్ ఆర్చిబిషప్పు ఓడఫీ గారికి, వెంట వచ్చిన మిగతా బిషప్పులకూ మఠాధిపతులకూ. ఒంట్లో బాగాలేక రాలేకపోయిన అర్మా ఆర్చిబిషప్పు, పెద్దాయన గెలాసియస్ గారికి కూడా ఒక నకలు.

ముందే ఒక క్షమాపణ చెప్పుకోవాలి. మీ పేర్లు మీ భాషలో పలకబోతే నా నాలుక మడతపడుతోంది. లోర్కాన్ అనాల్సిన చోట లారెన్స్ అనీ, గిల్లా క్రీస్ట్ అనాల్సిన చోట క్రిస్టియన్ అనీ రాస్తున్నాను. అంటే మీ దేశానికి తర్వాత వచ్చిపడ్డ వాళ్ళ నోట్లో నలిగిన రూపాలతోనే మిమ్మల్ని పిలుస్తున్నానన్నమాట. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయే ఫిర్యాదుకీ దీనికీ సంబంధం ఉంది, కాబట్టి మొదట్లోనే ఒప్పేసుకుంటున్నాను.

నేను డబ్లిన్‌లో ఉంటాను. ఊరి నుంచి ఎవరొచ్చినా మీ కొండకే తీసుకెళ్తాను. టిప్పరరీ పచ్చిక మధ్య ఒంటరిగా లేచిన సున్నపురాయి గుట్ట, పైన బూడిదరంగు గోడలు. వాటి మధ్య ఒక్క కట్టడం మాత్రం గోధుమరంగులో ఉంటుంది. కార్మాక్ మెకార్తీ రాజు కట్టించిన గుడి, 1134లో ప్రతిష్ఠ జరిగింది. ఇప్పుడు పక్కన నిలబడ్డ పెద్ద కథీడ్రల్ మీ తర్వాతి శతాబ్దానిది గానీ ఈ చిన్న గుడి మీరు చూసిందే. ఉత్తరం వైపు గుమ్మం మీద ఒక సగం మనిషి, సగం గుర్రం బొమ్మ ఉంది కదా. తలకి ముక్కు దాకా దిగే శిరస్త్రాణం పెట్టుకుని, వెనక్కి తిరిగి విల్లు లాగి పెద్ద సింహం మీద బాణం వేస్తుంటాడు. లోపల కమాను చుట్టూ రాతి తలకాయలు వరసగా మనల్నే చూస్తుంటాయి. ఆ ఇసుకరాయి నీళ్ళు పీల్చేస్తుంది. గోడల మీద మిగిలిన రంగుల చిత్రాలు తేమకి పాడవుతాయని ఇప్పుడు ఎవరినిబడితే వాళ్ళని వదలరు, గైడుతో కొద్దిమందినే పంపుతారు.

మొన్న ఆ గుమ్మం దగ్గర వంతు కోసం నిలబడి ఉంటే, నా పక్కాయన వాళ్ళావిడకి వివరిస్తున్నాడు: "ఇక్కడి చర్చి పాడైపోతే ఇంగ్లాండు రాజు వచ్చి బాగుచేశాడట." నాకు ఒళ్ళు మండింది. ఆయన తప్పేమీ లేదు. ఆ మాట మొదట రాసి, ముద్ర వేసి, రోముకు పంపింది మీరే.

అందుకే ఈ ఉత్తరం.

ముందు మీరు, మీ గురువులు చేసిన పని చెప్పుకుందాం. ఎందుకంటే దాన్ని మీరే చెప్పుకోలేదు. ఇంగ్లాండు రాజు హెన్రీ ఇక్కడ ఓడ దిగడానికి 70 ఏళ్ళ ముందే, 1101లో, ఇదే కేషెల్‌లో మీ పెద్దలు సభ జరిపారు. దక్షిణ ఐర్లాండులోని మన్‌స్టర్ రాజు మర్టా ఓబ్రయన్ ఆ సభలో ఈ కొండని చర్చికి రాసిచ్చేశాడు. మామూలు పొలం గట్టు కాదది, తరతరాలుగా మన్‌స్టర్ రాజుల గద్దె. గృహస్థులకు గానీ గురువులకు (చర్చి పూజారులకు) గానీ దీని మీద ఎలాంటి హక్కూ లేకుండా, శాశ్వతంగా ఐర్లాండు మఠవాసులకి ఇచ్చేశానన్నాడు. వినడానికి ఎంత గొప్ప దానం! కాకపోతే ఆ గద్దె ఓబ్రయన్ల సొంతం కాదు. వాళ్ళకంటే పాత రాజవంశం ఓగనాఖ్తలది, అంటే మెకార్తీలది. తనకి పోటీగా ఉన్నవాళ్ళ తాతల గద్దెని దేవుడి పేర రాసేస్తే మళ్ళీ వాళ్ళు దాని మీద కూర్చోలేరు. ఇటు పుణ్యం, అటు పురుషార్థం. అందుకే ఇరవై ఏళ్ళు దాటాక కార్మాక్ మెకార్తీ వచ్చి సరిగ్గా ఆ కొండ మీదే అంత అందమైన గుడి కట్టించాడు. సింహాసనం వేసుకోలేని చోట కనీసం గుడి అయినా తన పేరుతో ఉండాలని.

అదే 1101లో మర్టా ఇంకో పని కూడా చేశాడు. సైన్యంతో ఉత్తరానికి వెళ్ళి, తన శత్రువు మెక్‌లాక్లిన్ వంశం కోట ఐలెఖ్‌ని కూలగొట్టించాడు. అంతకు 13 ఏళ్ళ ముందు వాళ్ళు తన కింకోరా కోటని పాడుచేసినందుకు బదులు. సైనికుల దగ్గర ఎన్ని తిండి బస్తాలు ఉంటే అన్ని రాళ్ళు ఆ కోట నుంచి లిమరిక్ దాకా మోయాలని ఆజ్ఞ వేశాడని మీ వార్షిక చరిత్రలే చెబుతున్నాయి. బస్తాకి ఒక రాయి! ఒకే ఏడు ఒక చేత్తో కొండ దానం, ఇంకో చేత్తో కోట కూల్చివేత. మీ సంస్కరణకి అండగా నిలిచిన చెయ్యి అది. ఇది మీకు తెలియదని నేననను. బాగా తెలుసు. తెలిసే ఆ చెయ్యి పట్టుకున్నారు.

ఎందుకు పట్టుకోవాల్సి వచ్చిందో నాకు అర్థమవుతుంది. అప్పటి మీ మఠాల పరిస్థితి అలాంటిది. మఠం పెట్టిన సాధువు వారసుడిని కోవార్బ అనేవారు. మఠం భూములన్నీ అతని చేతిలో. ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి పోయేది. వంశపారంపర్య ధర్మకర్తలు, మాన్యం భూములు అంటే మా వాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. బిషప్పు అనేవాడు ఉండేవాడు, అభిషేకాలు చేసేవాడు. కానీ పెత్తనం కోవార్బది. పాట్రిక్ మహనీయుడి పీఠం అర్మానైతే క్లాన్ షీనిగ్ అనే ఒకే కుటుంబం పదో శతాబ్దం నుంచి ఏలుకుంది. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, గురుపట్టాభిషేకం లేనివాళ్ళు వరసగా ఎనిమిది మంది ఆ పీఠం మీద కూర్చున్నారని ఫ్రాన్సులోని క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ గారు తర్వాత రాశారు. చదువుకున్నవాళ్ళే లెండి, ఆ మాట కూడా ఆయనే రాశారు.

1101 సభ ఈ ముడి విప్పడం మొదలుపెట్టింది. చర్చి పదవులు కొనకూడదు, అమ్మకూడదు. చర్చి నుంచి రాజులు పన్నులు, కప్పాలు గుంజకూడదు. గృహస్థు మఠం పెత్తనదారుగా ఉండకూడదు. భార్య ఉన్న గురువు ఆ పదవిలో ఉండకూడదు. సవతి తల్లినీ, తోబుట్టువునీ, అన్నదమ్ముల భార్యనీ పెళ్ళాడకూడదు. బాగుంది. కానీ కట్టుకున్నదాన్ని వదిలేసి ఇంకొకతెని తెచ్చుకోవడం గురించి, ఒకరికి మించి భార్యలుండడం గురించి ఆ తీర్మానాల్లో ఒక్క ముక్క లేదు. అప్పటికే కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు లాన్‌ఫ్రాంక్ 1074లో మర్టా తండ్రికి దీని మీద పెద్ద ఉత్తరం రాసి ఉన్నాడు. ఆయన తర్వాత వచ్చిన ఆన్సెల్మ్ అయితే, గుర్రానికి గుర్రం మార్చినట్టు మీ వాళ్ళు భార్యల్ని మార్చుకుంటున్నారని మర్టాకే రాశాడు. అయినా సభ ఆ ఊసు ఎత్తలేదు. రాజు ఎదురుగా కూర్చుని ఉన్నాడు మరి. మీ పాత ధర్మశాస్త్రం ప్రకారం విడాకులు తప్పు కాదు, రెండో భార్యకీ హక్కులున్నాయి. అంతకంటే ముఖ్యంగా, రాజు బలమంతా పెళ్ళిళ్ళతో కలిసొచ్చిన బంధుత్వాల్లోనూ, కన్న కొడుకుల లెక్కలోనూ ఉండేది. అక్కడ వేలు పెడితే దానం చేసిన చెయ్యే దండించేది.

పదేళ్ళ తర్వాత 1111లో రాత్ బ్రెసెల్ సభ. యాభైకి పైగా బిషప్పులు, 300 మంది గురువులు, 3000 మంది మఠవాసులు వచ్చారని వార్షిక చరిత్రల లెక్క. కొంచెం అటూఇటూ చేసుకున్నా చిన్న సభ కాదు. అంతవరకూ మఠాల చుట్టూ అల్లుకున్న చర్చిని మేత్రాసనాలుగా, అంటే ఒక్కో బిషప్పు కింద ఒక్కో ప్రాంతంగా విడగొట్టి, హద్దులు గీశారు. ఉత్తరాన అర్మా, దక్షిణాన కేషెల్, ఒక్కోదాని కింద పన్నెండేసి. లిమరిక్ బిషప్పు గిల్బర్ట్ గారు చర్చి నిర్మాణం ఎలా ఉండాలో బొమ్మ గీసి మరీ పుస్తకం రాశారు. కింద గృహస్థులు, పైన గురువులు, ఆ పైన బిషప్పులు, అలా శిఖరం దాకా. కేషెల్‌కి అర్మాతో సమానంగా పీట ఎందుకు దక్కిందంటారా? మన్‌స్టర్ రాజు ఐర్లాండు మొత్తానికి రాజునంటున్నాడు. ఆయన ఇలాకాలో ఒక ఆర్చిబిషప్పు ఉండాలి కదా.

ఇక మీ సంస్కర్తల్లో ముఖ్యుడు, బిషప్పు మాలకీ గారి సంగతి. ఈ ఉత్తరంలో నేను మనస్ఫూర్తిగా దండం పెట్టే మనిషి ఆయనే. క్లాన్ షీనిగ్ కుటుంబంలోనే పుట్టి, 1106లో బిషప్పుగా అభిషేకం చేయించుకున్న సెల్సస్, చనిపోతూ తన పీఠం కుటుంబం చేతికి పోకూడదని మాలకీ పేరు చెప్పాడు. అది 1129. కుటుంబం ఊరుకుంటుందా? తమ మనిషిని కూర్చోబెట్టింది. మాలకీ మూడేళ్ళు ఆగి, 1132లో అభిషేకం చేయించుకున్నా, ఊళ్ళోకి అడుగుపెట్టలేకపోయాడు. ఆ మనిషి పోయాక ఇంకొకడు లేచాడు, సెల్సస్ సొంత తమ్ముడు నీల్. చివరికి పారిపోతూ పీఠం చిహ్నాలు పట్టుకుపోయాడు: పాట్రిక్ సువార్త గ్రంథం, ఏసు దండం అని పిలిచే ఆ బంగారు తాపడం కర్ర. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాడే బిషప్పు అని జనం నమ్మేవాళ్ళట. 1135 జూలై 7న మాలకీ ఆ దండాన్ని కొన్నాడని వార్షిక చరిత్ర పొడిపొడిగా ఒక ముక్కలో తేల్చేసింది. అవును, కొన్నాడు. పవిత్రమైనవాటిని కొనడం, అమ్మడం పాపమని జీవితమంతా పోరాడిన మనిషి, ఆ పోరాటంలో గెలవడానికి డబ్బిచ్చి కర్ర కొనుక్కున్నాడు. నేను నవ్వడం లేదు. ఆ పరిస్థితిలో ఇంకెవరైనా ఏం చేస్తారు? పైగా రెండేళ్ళు తిరక్కుండానే, 1137లో, పీఠం కుటుంబం చేతినుంచి బయటపడిందని నమ్మకం కుదరగానే, గెలాసియస్ గారికి అప్పగించి తను తప్పుకున్నాడు.

మాలకీ రోముకు వెళ్ళి పాలియం అడిగాడు. గొర్రె ఉన్నితో నేసిన చిన్న తెల్ల పట్టీ, భుజాల మీద వేసుకునేది. పోపు అది పంపిస్తేనే ఆర్చిబిషప్పు పూర్తి ఆర్చిబిషప్పు. మీ దేశమంతా సభ జరిపి, ఒక్క మాట మీద అడగండి, ఇస్తానన్నాడు పోపు. 1148లో స్కెర్రీస్ దగ్గర చిన్న లంకలో సభ జరిపి, ఆ విన్నపం పట్టుకుని మళ్ళీ బయల్దేరాడు మాలకీ. దారిలో క్లెర్వో మఠంలోనే ప్రాణం పోయింది. పట్టీలు 1152లో వచ్చాయి. కార్డినల్ జాన్ పపారో కెల్స్ సభకి తెచ్చినవి రెండు కాదు, నాలుగు.

ఆ రెండు అదనపు పట్టీల వెనక ఉన్న రాజుల్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ట్యూమ్‌కి ఒకటి. ఎందుకంటే అప్పటికి మన్‌స్టర్ వెలుగు తగ్గి, కొనాఖ్ట్ రాజు టర్లో ఓకానర్ ఎదిగాడు. డబ్లిన్ కిల్డేర్ వీధి మ్యూజియంలో ఆయన 1123లో చేయించిన శిలువ ఉంది. మధ్యలో పెద్ద స్ఫటికం, వెనక క్రీస్తు శిలువ ముక్క పెట్టుకోవడానికి చోటు, కింద కాడని నోట కరిచిపట్టుకున్న జంతువు తల, ఒళ్ళంతా మెలికలు తిరిగిన తీగలు. అద్దానికి ముక్కు ఆనించి అంచుల వెంట చూస్తే అక్షరాలు కనిపిస్తాయి. చేసిన పనివాడి పేరు మాయెల్ ఈసు. చేయించిన టర్లో కోసం ప్రార్థించమని ఉంది, ఐర్లాండు రాజు అనే బిరుదుతో సహా. ఆయన మాటని కాదనేవాళ్ళు దేశంలో సగంమంది ఉన్నారు. శిలువ రేకు మీద చెక్కేసరికి అది నిజమైపోయింది. క్రీస్తు శిలువే సాక్షి!

నాలుగో పట్టీ డబ్లిన్‌కి. అది మీరు సాధించిన విజయాల్లోకెల్లా పెద్దది. అప్పటివరకూ డబ్లిన్ నార్స్‌వాళ్ళ ఊరు, అంటే స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళది. వాళ్ళ బిషప్పులు 1074 నుంచి కాంటర్‌బరీ వెళ్ళి అభిషేకం చేయించుకుని, అక్కడి ఆర్చిబిషప్పుకే విధేయత ప్రమాణం చేసేవాళ్ళు. ఆ తాడు 1152లో తెగింది. ఇంగ్లాండు చర్చికి ఐర్లాండులో అడుగుపెట్టే గుమ్మం మూసుకుపోయింది. మూడేళ్ళకే, 1155లో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కొలువులోని జాన్ ఆఫ్ సాల్స్‌బరీ పోపు ఏడ్రియన్ దగ్గరికి వెళ్ళి, హెన్రీ రాజుకి ఐర్లాండు ఇప్పించుకుని, గుర్తుగా ఒక పచ్చ ఉంగరం తెచ్చానని చెప్పుకున్నాడు. రోము పీఠమెక్కిన ఒకే ఒక్క ఇంగ్లీషువాడు ఆ ఏడ్రియన్. ఆ పోపు ఉత్తరం అని ఇప్పుడు మనకు దొరికే పాఠం నిజమైనదేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. వాళ్ళని కొట్టుకోనిద్దాం. అందులో చెప్పిన కారణం మాత్రం మీకు బాగా పరిచయం: చర్చి హద్దులు పెంచడం, మొరటు జనానికి మంచి నేర్పడం. ఐర్లాండు చర్చి ఇంటిని చక్కబెట్టుకున్న మూడేళ్ళకి!

ఈ 'మొరటు జనం' మాట వాళ్ళకి ఎక్కడ దొరికింది? ఇక్కడే నాకు మీ మీద కోపం మొదలవుతుంది. క్లెర్వో బెర్నార్డ్ గారు ఐర్లాండుకి ఎప్పుడూ రాలేదు. తన చేతుల్లో ప్రాణం విడిచిన మిత్రుడు మాలకీ చరిత్ర రాస్తూ, మాలకీ కానర్ బిషప్పుగా వెళ్ళినప్పుడు అక్కడున్నది మనుషులు కాదు మృగాలు అన్నట్టు రాశాడు. పేరుకి క్రైస్తవులు, నిజానికి అన్యులు అన్నాడు. పాపం, దురుద్దేశం లేదు. రోగం ఎంత పెద్దదైతే వైద్యుడు అంత గొప్పవాడు కదా. ఆ కబుర్లు ఆయనకి చెప్పింది మాత్రం మీ మఠవాసులే, సంస్కరణ తొందరలో ఉన్న మీలాంటి మంచివాళ్ళే. క్రిస్టియన్ గారూ, మీరు ఆ క్లెర్వోలోనే శిక్షణ పొంది, మెల్లిఫాంట్ మొదటి మఠాధిపతిగా తిరిగొచ్చారు. ఇంటి గుట్టు లంకకు చేటు అని మాకో సామెత ఉంది. మీరు గుట్టు ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, గోరంతని కొండంత చేసి చెప్పారు.

మెల్లిఫాంట్ అనగానే 1157 గుర్తొస్తోంది. మాలకీ పెట్టించిన, రాజు ఓకారల్ భూమిచ్చిన మఠం. చర్చి ప్రతిష్ఠకి రాజులంతా వచ్చారు. అప్పటి పెద్ద రాజు మెక్‌లాక్లిన్ వందకి పైగా ఆవులు, 60 ఔన్సుల బంగారం, ఒక ఊరు ఇచ్చాడు. ఓకారల్ 60 ఔన్సులు. ఇంకో రాజు టియర్నన్ ఓరూర్క్ భార్య డెర్వోర్గిల్లా 60 ఔన్సుల బంగారంతో పాటు మరియమ్మ పీఠానికి బంగారు పాత్ర, మిగతా తొమ్మిది పీఠాలకీ వస్త్రాలు ఇచ్చింది. అయిదేళ్ళ క్రితం లెన్‌స్టర్ రాజు డెర్మట్ మెక్‌మురో ఎత్తుకుపోయిన ఆవిడే. ఆ ప్రతిష్ఠ సభలోనే మీత్ రాజుని మీరు వెలివేశారు. ఏసు దండం మీద, అర్మా పీఠం మీద ఇచ్చిన అభయాన్ని కాదని ఒక మనిషిని చంపించినందుకు. రాజులు ఆయన్ని దింపేసి తమ్ముడిని గద్దె ఎక్కించారు. ఆ రోజు మీకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించగలను. రాజులు మీ మాట విన్నారు! కానీ నిజంగా విన్నది ఎవరి మాట? ఆ మీత్ రాజు పడిపోతే మెక్‌లాక్లిన్‌కి లాభం. లాభం ఉన్నంతసేపూ విన్నాడు.

లాభం లేనప్పుడు ఏమైందో 1166లో చూశారు. అల్‌స్టర్ రాజు యోఖి మెక్‌డన్లీవికి గెలాసియస్ గారి హామీ ఉంది, ఏసు దండం సాక్ష్యం ఉంది, ఓకారల్ పూచీ ఉంది. అయినా మెక్‌లాక్లిన్ అతని కళ్ళు తీయించాడు. పూచీ పడ్డ ఓకారల్ అవమానం భరించలేక తిరగబడ్డాడు, మిగతావాళ్ళూ కలిశారు, అదే ఏడు మెక్‌లాక్లిన్ చచ్చాడు. అతని అండతో నెట్టుకొస్తున్న డెర్మట్ మెక్‌మురో దిక్కులేనివాడయ్యాడు. కొనాఖ్ట్ రాజు రోరీ ఓకానర్, ఓరూర్క్ కలిసి దేశం నుంచి తరిమేశారు. సముద్రం దాటి వెళ్ళి హెన్రీ రాజు కాళ్ళ మీద పడ్డాడు. 1169లో అతనికి సాయంగా తొలి నార్మన్ ఓడలు, 1170లో నార్మన్ దొర స్ట్రాంగ్‌బో. మీ హామీని ఒక రాజు కాలరాసిన చోటు నుంచి తీగ లాగితే డొంకంతా కదిలి వాటర్‌ఫర్డ్ రేవు దాకా వస్తుంది.

ఆ డెర్మట్‌ని కూడా మీరు దగ్గరే ఉంచుకున్నారు, అయ్యలారా. 1132లో కిల్డేర్ మఠ పెద్దమ్మని అతని వాళ్ళు చెరిచి, ఆమె కూర్చున్న చోట తన బంధువుని కూర్చోబెట్టిన సంగతి వార్షిక చరిత్రల్లోనే ఉంది. అదే మనిషి 1148లో బాల్టింగ్లాస్‌లో సిస్టర్షియన్ సన్యాసులకి మఠం కట్టించాడు, డబ్లిన్‌లో కన్యస్త్రీల మఠం, ఫెర్న్స్‌లో అగస్టీనియన్లది. దానాల చిట్టా చూస్తే ఆయనంత సంస్కర్త లేడు. లారెన్స్ గారూ, మీకు ఈ మనిషి గురించి మిగతావాళ్ళకంటే ఎక్కువ తెలుసు. పదేళ్ళ పిల్లాడిగా ఆయన దగ్గర బందీగా ఉన్నారు. తర్వాత మీ తోబుట్టువు మోర్ ఆయన్ని పెళ్ళాడింది. ఆయన కూతురు ఈఫే, స్ట్రాంగ్‌బో భార్య, మీకు మేనకోడలు. 1170లో డబ్లిన్ తరఫున మీరు సంధి మాటలు ఆడుతుండగానే నార్మన్లు గోడ దూకారు.

ఆ ఏడు మీ వాళ్ళు అర్మాలో సభ జరిపి, ఈ విపత్తు ఎందుకొచ్చిందో ఆలోచించి, ఇంగ్లాండు నుంచి మనుషుల్ని కొనుక్కొచ్చి బానిసలుగా పెట్టుకున్న పాపమే కారణమని తేల్చి, ఆ బానిసలందరినీ వదిలేయమన్నారు. ఈ ఒక్క పనికి మీ మీద నా కోపం సగం తగ్గిపోతుంది. కత్తి మెడ మీదికి వచ్చినప్పుడు తమ తప్పు వెతుక్కునేవాళ్ళు ఎంతమంది? కాకపోతే ఆ అలవాటే రెండేళ్ళు తిరక్కుండా కేషెల్‌లో మీ మెడకి చుట్టుకుంది.

1171 అక్టోబర్ 17న హెన్రీ సుమారు 400 ఓడలతో వాటర్‌ఫర్డ్ దగ్గర దిగాడు. క్రిస్మస్‌కి డబ్లిన్ బయట మీ పద్ధతిలోనే తడికెలతో మహలు కట్టించుకుని మీ రాజులకి విందు చేశాడు. మీవాళ్ళు మునుపెన్నడూ ముట్టని కొంగ మాంసం కూడా తిన్నారట. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. ఓడ దిగడానికి సుమారు పది నెలల ముందు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు బెకెట్‌ని ఆయన నైట్లు చర్చి లోపలే నరికి చంపారు. పోపు మనుషులు ఆ లెక్క అడగడానికి వస్తున్నారు. వాళ్ళకి చూపించడానికి చేతిలో ఏదో ఒక మంచి పని ఉండాలి. పెళ్ళి నీతి సంగతా? ఎలినోర్ మహారాణికీ ఫ్రాన్సు రాజుకీ దగ్గర చుట్టరికం ఉందని పెళ్ళి రద్దు చేసింది 1152లో, మీ కెల్స్ సభ జరిగిన ఏడే. రెండు నెలల్లో ఆవిడ్ని హెన్రీ చేసుకున్నాడు. ఆయనా ఆవిడకి నిషిద్ధ వరసలో చుట్టమే. మీ సభ అయిన మరుసటి ఏడు, పెళ్ళికాని తల్లికి పుట్టిన తన కొడుకు జెఫ్రీని లింకన్ బిషప్పుగా ఎన్నిక చేయించుకున్నాడు. మీకు చుట్టరికం పెళ్ళిళ్ళ గురించి పాఠం చెప్పడానికి వచ్చింది ఈయనా!

మీరు చేసిన తీర్మానాలు చదివాను. చుట్టరికం పెళ్ళిళ్ళు వద్దు. పిల్లలకి చర్చి గుమ్మం దగ్గర ఉపదేశమిచ్చి తొట్టిలో జ్ఞానస్నానం ఇప్పించాలి. చర్చికి దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కట్టాలి. రాజులు, వాళ్ళ కుటుంబాలు చర్చి భూముల మీద పడి తిండి, బస గుంజకూడదు. బంధువు హత్య చేస్తే గురువు ఆ పరిహారంలో వాటా కట్టక్కర్లేదు. ఇవన్నీ మీ పెద్దలు 1101 నుంచి అడుగుతున్నవే, లేదా వాటి పిల్లలే. రాజుల బస ఖర్చు తప్పాలని మీరు ఎంత ఆశపడ్డారో నాకు తెలుసు. ఒక రాజుకి అంబలి పోసి పంపేలోపు ఇంకో రాజు పటాలం గుమ్మంలో ఉండేది. 1145 యుద్ధాల గురించి మీ వార్షికకారుడు ఐర్లాండు కాలు పెడితే వణికే ఊబిగడ్డ అయిపోయిందన్నాడు. అలాంటి చోట ఒక్క గట్టి రాజు దొరికితే చాలనిపించడం తప్పు కాదు. ఓబ్రయన్ అయ్యాడు, ఓకానర్ అయ్యాడు, మెక్‌లాక్లిన్ అయ్యాడు. ఇప్పుడు వచ్చినవాడు వాళ్ళందరికంటే పెద్ద ఓబ్రయన్ అనుకున్నారు. కొరివితో తల గోక్కున్నారు.

చివరి తీర్మానం మాత్రం మింగుడు పడడం లేదు. ఇకమీదట ఆరాధనంతా ఇంగ్లాండు చర్చి పద్ధతిలో జరగాలి. ఇంగ్లాండు నుంచి రాజుని పొందిన ఐర్లాండు, బతికే మంచి పద్ధతి కూడా అక్కడి నుంచే పొందడం న్యాయమట. ఈ మాటలు మనదాకా తెచ్చినవాడు జెరాల్డ్ ఆఫ్ వేల్స్. దండెత్తి వచ్చిన కుటుంబాల్లో పుట్టినవాడే, కాబట్టి కొంత ఆయన కలం జోరు అనుకుందాం. ఉత్తరాల మాటేమిటి? ప్రతి బిషప్పూ హెన్రీ రాజరికాన్ని ఒప్పుకుంటూ దస్తావేజులాగా ముద్ర వేలాడదీసి ఉత్తరం ఇచ్చాడు. వాటితో పాటు మీ జనం చేసే 'ఘోరాలు' కూడా రాసి పోపు అలెగ్జాండర్‌కి పంపారు. వాటిని మోసుకెళ్ళి, నోటితో మరికొంత చెప్పింది లాండాఫ్ ఆర్చ్‌డీకన్ రాల్ఫ్, హెన్రీ మనిషి.

మీ ఉత్తరాలు మాకు దొరకలేదు. వాటికి పోపు ఇచ్చిన జవాబులు దొరికాయి. 1172 సెప్టెంబర్ 20న మూడు: ఒకటి మీకు, ఒకటి హెన్రీకి, ఒకటి ఐర్లాండు రాజులకి. మీ జనం సవతి తల్లుల్ని పెళ్ళాడతారనీ, ఈస్టర్‌కి ముందు ఉపవాసాల తపస్కాలంలో మాంసం తింటారనీ, దశమభాగం కట్టరనీ మీరే చెప్పారని ఆ జవాబుల్లో ఉంది. రాజు మాట వినకపోతే మీరే శిక్షించాలని మీకు ఆజ్ఞ కూడా. అంతకు నాలుగు నెలల ముందే హెన్రీకి బెకెట్ హత్య విషయంలో అవ్రాంష్‌లో క్షమాపణ దొరికిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. ఆ ఉత్తరాల్లో 1101 గురించి ఒక్క ముక్క రాశారా? రాత్ బ్రెసెల్ గురించి? మూడేళ్ళు గుమ్మం బయట నిలబడ్డ మాలకీ గురించి? మేం 70 ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాం, నాలుగు పట్టీలు మీ ముందటి పోపే పంపాడు, దీనికి కొత్త రాజు అక్కర్లేదు అని? పోపు జవాబుల్లో దాని జాడ లేదు.

దక్కింది ఏమిటో మీలో కొందరు చూశారు, చాలామంది చూడకుండానే పోయారు. లారెన్స్ గారి తర్వాత డబ్లిన్ పీఠం ఎక్కింది హెన్రీ గుమాస్తా జాన్ కమిన్, ఇంగ్లీషువాడు. 1217 వచ్చేసరికి ఐర్లాండులో కథీడ్రల్ పదవులకి ఐరిష్‌వాళ్ళని ఎన్నుకోవద్దని ఇంగ్లాండు రాజు పేర హుకుం వచ్చింది. మూడేళ్ళకి పోపు హొనోరియస్ దాన్ని తప్పుపట్టాల్సి వచ్చింది. క్రిస్టియన్ గారూ, మీ మెల్లిఫాంట్ కుటుంబం మఠాలు తిరగబడితే, 1228లో స్టీఫెన్ ఆఫ్ లెక్సింగ్టన్ అనే ఇంగ్లీషు మఠాధిపతి తనిఖీకి వచ్చి, ఫ్రెంచిలోనో లాటిన్‌లోనో పాప సంకీర్తనం చేయలేనివాణ్ణి మఠంలో చేర్చుకోవద్దన్నాడు. 1366 కిల్‌కెన్నీ చట్టం అయితే రాజు ఏలుబడిలో ఉన్న మఠాల్లోకీ చర్చి పదవుల్లోకీ ఐరిష్‌వాళ్ళని రానివ్వద్దని తేల్చేసింది. కేషెల్‌లో మీ సభలో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఆ నియమం కింద బిషప్పు అయ్యేవాళ్ళు కాదు.

ఇలాంటి ఉత్తరం నాకంటే ముందే ఒకాయన రాశాడు. 1317లో డోనల్ ఓనీల్, తోటి రాజులతో కలిసి పోపు జాన్‌కి. మీ ముందటి పోపు ఏడ్రియన్ చర్చిని బాగుచేస్తానన్న షరతు మీద మమ్మల్ని ఇంగ్లాండుకి ఇచ్చాడు, ఆ షరతుల్లో ఒక్కటీ నిలబెట్టలేదు, చర్చి భూములు కోసేశారు అని. పోపు దాన్ని చదివి, కొంచెం మంచిగా చూడవయ్యా అని ఇంగ్లాండు రాజుకే పంపించాడు.

గెలాసియస్ గారూ, మీరు ఆ సభకి రాలేదు, తర్వాత డబ్లిన్ వచ్చి రాజుకి తలూపారట. ఎక్కడికెళ్ళినా వెంట ఒక తెల్ల ఆవు ఉండేదనీ, దాని పాలే మీ ఆహారమనీ జెరాల్డ్ వెటకారంగా రాశాడు. నాకైతే ఆ కథ మొత్తంలో ఆ ఆవు ఒక్కటే ముద్దొచ్చింది.

లారెన్స్ గారూ, మీతో ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ కేషెల్ తీర్మానాల్లో ఒకటి వీలునామా గురించి. మంచం పట్టిన ప్రతి విశ్వాసీ గురువు ఎదుట, ఇరుగుపొరుగు ఎదుట ఆస్తి పంచాలి: భార్యకి ఒక వంతు, పిల్లలకి ఒక వంతు, అంత్యక్రియలకి ఒక వంతు. 1180లో రోరీ రాజు కోసం హెన్రీతో మాట్లాడడానికి మీరు సముద్రం దాటి, ఆయన వెనకే నార్మండీ దాకా వెళ్ళి, ఈ అనే చిన్న ఊళ్ళో మంచం పట్టారు. నవంబర్ 14న పోయారు. వీలునామా రాయమని అడిగితే, దేవుడి సాక్షిగా నా దగ్గర ఒక్క పైసా లేదన్నారట. ఆ తర్వాత మీ భాషలో, అక్కడ ఎవరికీ అర్థం కాని ఐరిష్‌లో, తెలివిలేని నా జనమా, ఇప్పుడేం చేస్తారు అని అడిగారట.

ఇట్లు,
డబ్లిన్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు